పగడం పుట్టింటి సారె!

చూస్తే రాయి. తాకితే రాయి. కానీ దానికి నోరుంది, పొట్ట ఉంది. పున్నమి ఎప్పుడొస్తుందో తెలుసు. పిల్లల్ని కంటుంది. అంతేనా... ఎండను తట్టుకునే శక్తిని పిల్లలకు సారెగా ఇచ్చి మరీ పంపుతుంది. సముద్రాలు మరిగిపోతున్న ఈ కాలంలో ఆ సారె ఎన్నాళ్లు ఆదుకుంటుంది? పగడాల జన్యువుల్లో శాస్త్రవేత్తలు వెతుకుతున్నది ఆ జవాబునే!

మంగళసూత్రానికి నల్లపూసలతో పాటు పగడాలు గుచ్చుకోవడం తెలుగిళ్లలో చాలామందికి ఆనవాయితీ. జాతకంలో కుజుడు బాగా లేడంటే ముందుగా గుర్తొచ్చేది పగడపుటుంగరమే. నవరత్నాల్లో దానికీ ఓ స్థానం ఉంది. అయితే వజ్రంలా అది గనిలో దొరికేది కాదు. ఒకప్పుడు ప్రాణమున్న జీవి కట్టుకున్న గూడు.

నగల్లో మెరిసే ఎర్ర పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రం నుంచి వస్తుంది. వెలుతురు సరిగా సోకని లోతుల్లో, రాతి గుహల్లో నెమ్మదిగా పెరుగుతుంది. బడి పుస్తకాల్లో పిల్లలు చదువుకునే ప్రవాళ భిత్తికలు... అదే, పగడపు దిబ్బల్ని కట్టేవి మాత్రం వేరే. ఇవి ఎర్ర పగడానికి దూరపు చుట్టాలు. ఎర్ర పగడం జీవికి నోటి చుట్టూ ఎనిమిది చేతులుంటే, దిబ్బలు కట్టే వాటికి ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు... ఇలా ఆరు లెక్కన ఉంటాయి. ఎర్ర పగడం నగ అయితే, ఇది ఊరు. సముద్రపు అడుగుభాగంలో ఒక్క శాతం కూడా ఆక్రమించని ఈ దిబ్బల్నే నమ్ముకుని సముద్ర జీవుల్లో దాదాపు నాలుగో వంతు బతుకుతున్నాయి.

జంతువా, మొక్కా, రాయా?

మూడూ అనాలి. పగడం కొమ్మను దగ్గరగా చూస్తే దాని నిండా చిన్న చిన్న పూలలాంటివి కనిపిస్తాయి. అవి పాలిప్‌లు. ఒక్కోటీ ఒక్కో జంతువు. మధ్యలో నోరు, చుట్టూ చేతులు, లోపల సంచిలాంటి పొట్ట. జెల్లీ చేపలకు వరసైనవి. సముద్రపు నీటిలోని కాల్షియం, కార్బొనేట్లను తీసుకుని తన కింద సున్నపురాయి గిన్నె కట్టుకుంటుంది పాలిప్‌. వేల పాలిప్‌లు కలిస్తే ఓ కొమ్మ. వేల ఏళ్లు గడిస్తే ఓ దిబ్బ.

ఇక మొక్క సంగతి. పాలిప్‌ ఒంట్లోని కణాల్లో కంటికి కనిపించని శైవలాలు కాపురం ఉంటాయి. పగలంతా ఎండ సాయంతో వంట చేసి, ఆ చక్కెరల్లో సింహభాగాన్ని పగడానికే పెడతాయి. కొన్ని పగడాలకు కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఈ అద్దెవాళ్ల నుంచే అందుతుంది. బదులుగా పగడం వాటికి నీడ, రక్షణ, ఎరువు ఇస్తుంది. పగడాలకు ఆ గోధుమ, ఆకుపచ్చ రంగులు చాలావరకు వీటి చలవే.

చిక్కల్లా వేడితోనే. మామూలు వేసవి వేడి కన్నా నీళ్లు ఒక్క డిగ్రీ ఎక్కువై, కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు... శైవలాల వంటగదిలో అంతా తలకిందులవుతుంది. చక్కెరకు బదులు కణాల్ని దెబ్బతీసే ఆక్సిజన్‌ రూపాలు పోగుపడతాయి. దాంతో పగడం వాటిని బయటకు నెట్టేస్తుంది. రంగు పోయి లోపలి సున్నపు ఎముకల గూడు తెల్లగా బయటపడుతుంది. దీన్నే బ్లీచింగ్‌ అంటారు. అప్పటికి పగడం చచ్చిపోదు, పస్తులుంటుంది. నీళ్లు త్వరగా చల్లబడితే శైవలాలు మళ్లీ చేరతాయి. లేదంటే ఆకలితో కన్నుమూస్తుంది.

ఏడాదికి 400 రోజులు!

ఈ వంశం నిన్న మొన్నటిది కాదు. సుమారు 25 కోట్ల ఏళ్ల క్రితం భూమ్మీద అతిపెద్ద ప్రళయం వచ్చింది. అంతకు ముందు దిబ్బలు కట్టిన పాతకాలపు పగడాలన్నీ అందులో తుడిచిపెట్టుకుపోయాయి. ఇప్పటి రాతి పగడాల శిలాజాలు కనిపించడం మొదలైంది దాదాపు 24 కోట్ల ఏళ్ల కిందటి నుంచే. శైవలాలతో ఇప్పటి రకం కాపురం సుమారు 16 కోట్ల ఏళ్ల నాటిదని 2018లో వాటి జన్యువుల్ని పోల్చి చూసిన పరిశోధకులు లెక్కగట్టారు. అంటే డైనోసార్లు తిరుగుతున్న రోజుల్లోనే ఈ పొత్తు కుదిరిందన్నమాట. 6.6 కోట్ల ఏళ్ల క్రితం ఆ డైనోసార్లు పోయాయి. పగడాల్లోనూ ఎన్నో జాతులు పోయాయి. మిగిలినవి మళ్లీ దిబ్బలు కట్టాయి.

పగడం తన రాతి గూట్లో డైరీ కూడా రాస్తుంది. చెట్టు కాండంలో వలయాల్లా ఏడాదికో పట్టీ, దానిలో రోజుకో సన్నటి గీత. 1963లో జాన్‌ వెల్స్‌ అనే అమెరికా శాస్త్రవేత్త సుమారు 38 కోట్ల ఏళ్ల నాటి పగడపు శిలాజాల మీద ఆ గీతల్ని ఓపిగ్గా లెక్కపెట్టాడు. ఏడాదికి దాదాపు 400 వచ్చాయి! ఆ రోజుల్లో భూమి ఇంకా వేగంగా తిరిగేది. రోజుకు 22 గంటలే. ఖగోళ శాస్త్రం వేసిన లెక్కకు సముద్రపు అడుగున ఓ పురుగు సాక్ష్యం చెప్పినట్టయింది.

ఇన్ని ప్రళయాలు దాటుకొచ్చిన వంశానికి ఇప్పుడు ఒకటి రెండు డిగ్రీల వేడి ఒక లెక్కా అనిపించొచ్చు. లెక్కే. ఎందుకంటే అప్పట్లో ప్రళయం తర్వాత దిబ్బలు కోలుకోవడానికి లక్షల ఏళ్ల సమయం దొరికింది. ఇప్పుడు చేతిలో ఉన్నవి దశాబ్దాలే.

జన్యువుల పుస్తకంలో...

పగడం జన్యుపటాన్ని మొదటిసారి పూర్తిగా చదివింది జపాన్‌లోని ఒకినావా శాస్త్ర సాంకేతిక సంస్థ పరిశోధకులు. 2011లో. అక్రోపోరా డిజిటిఫెరా అనే కొమ్మల పగడం అది. మొత్తం 42 కోట్ల అక్షరాల పుస్తకం. అందులో దాదాపు 23,700 జన్యువులు. మనిషికి ఉన్నవి సుమారు 20 వేలే! జన్యువుల సంఖ్యను బట్టి గొప్ప, తక్కువ తేల్చేవాళ్లకు ఇదో చెంపపెట్టు.

అంతకు ముందే 2003లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇంకో చిత్రం గమనించారు. పగడంలోని కొన్ని జన్యువులు మనిషిలోనూ ఉన్నాయి. కానీ పండ్ల మీద వాలే ఈగలో లేవు, నులిపురుగులో లేవు. పరిణామ క్రమంలో మనకు పగడం కన్నా ఈగే దగ్గరి చుట్టం కదా, ఇదెలా? అవి చాలా పాతకాలం నాటి ఉమ్మడి ఆస్తి. ఈగ, నులిపురుగుల వంశాలు దారిలో ఎక్కడో పారేసుకున్నాయి. పగడమూ మనిషీ దాచుకున్నారు.

ఒకినావా పరిశోధకులకు ఆ పుస్తకంలో చిరిగిపోయిన ఓ పేజీ కూడా కనిపించింది. సిస్టీన్‌ అనే అమైనో ఆమ్లాన్ని తయారుచేసుకోవడానికి కావలసిన ఒక ముఖ్యమైన జన్యువు అక్రోపోరాలో లేదు. ఇంట్లో రోజూ వండిపెట్టేవాళ్లుంటే వంట మర్చిపోయినట్టు, శైవలాల మీద ఆధారపడి ఆ పని వదిలేసి ఉంటుందని వాళ్ల అంచనా. వేడికి ముందుగా తెల్లబోయే పగడాల్లో ఈ అక్రోపోరా జాతులు ఉండటం గమనార్హం.

పున్నమి వెళ్లిన రాత్రులు

మనవాళ్లు కార్తీక పున్నమికి దీపాలు వదిలే రోజుల్లోనే, ఆస్ట్రేలియా తూర్పు తీరంలోని గ్రేట్‌ బ్యారియర్‌ రీఫ్‌ దగ్గర ఓ పెద్ద జాతర జరుగుతుంది. 2,300 కిలోమీటర్ల పొడవైన దిబ్బల వరస అది. కన్యాకుమారి నుంచి ఢిల్లీకి గీత గీస్తే దాదాపు అంత! అక్టోబరు, నవంబరు నెలల్లో పున్నమి వెళ్లిన కొద్ది రోజులకు, చీకటి పడ్డాక, ఎన్నో జాతుల పగడాలు ఒకేసారి గులాబీ రంగు పూసల్ని వదులుతాయి. ఒక్కో పూసలో అండాలూ ఉంటాయి, శుక్రకణాలూ ఉంటాయి. మంచు తలకిందులుగా, కింద నుంచి పైకి కురుస్తున్నట్టుంటుంది.

1980ల మొదట్లో ఆస్ట్రేలియాలోని యువ పరిశోధకులు దీన్ని కనిపెట్టేదాకా ఇలాంటిదొకటి ఉందని సైన్స్‌కు తెలియదు. 1984లో అది పత్రికకెక్కింది. కళ్లులేని పగడానికి పున్నమి ఎలా తెలుస్తుంది? క్రిప్టోక్రోమ్‌లు అనే, వెలుతుర్ని పసిగట్టే ప్రొటీన్ల జన్యువులు దానిలో ఉన్నాయనీ, వాటిలో ఒకటి వెన్నెల రాత్రుల్లో ఎక్కువగా పనిచేస్తుందనీ 2007లో తేలింది.

నీటి పైకి చేరాక పూసలు విచ్చుకుంటాయి. అక్రోపోరా పగడాలు సాధారణంగా తమ అండాల్ని తమ శుక్రకణాలతోనే ఫలదీకరణం చేసుకోవు. ఇంకో పగడం తోడు కావాలి. అంటే ఒకే పగడం కొందరు పిల్లలకు తల్లి, ఇంకొందరికి తండ్రి!

తల్లి వేడిదైతే...

ఈ ఏర్పాటునే ఆసరాగా చేసుకుని టెక్సాస్‌ విశ్వవిద్యాలయం, ఆస్ట్రేలియా సముద్ర శాస్త్ర సంస్థ పరిశోధకులు ఓ ప్రయోగం చేశారు. గ్రేట్‌ బ్యారియర్‌ రీఫ్‌ ఉత్తరాన ప్రిన్సెస్‌ షార్లట్‌ బే ఉంది. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి నీళ్లు వేడి. అక్కడికి 500 కిలోమీటర్లకు పైగా దక్షిణాన ఆర్ఫియస్‌ దీవి ఉంది. హైదరాబాద్‌కీ విశాఖకీ ఉన్నంత దూరం. అక్కడ నీళ్లు కాస్త చల్లన. రెండు చోట్లా ఒకే జాతి... అక్రోపోరా మిల్లెపోరా.

రెండు చోట్ల నుంచీ పగడాల్ని తెచ్చి అన్ని రకాలుగా జతకట్టారు. తల్లీ తండ్రీ ఉత్తరాది, ఇద్దరూ దక్షిణాది, తల్లి ఉత్తరాది తండ్రి దక్షిణాది, తల్లి దక్షిణాది తండ్రి ఉత్తరాది. పుట్టిన డింభకాల్ని వేడి నీళ్లలో ఉంచి చూశారు. తల్లిదండ్రులు వేడి ప్రాంతం వాళ్లయితే పిల్లలు బతికే అవకాశం 10 రెట్ల దాకా పెరిగింది! తండ్రి వల్ల కూడా కొంత మేలు కనిపించింది. కానీ తల్లి పాత్రే ఎక్కువ. అండంతో పాటు తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియాలకు... అంటే కణాల్లోని విద్యుత్కేంద్రాలకు ఇందులో భాగం ఉందని పరిశోధకుల అభిప్రాయం. 2015లో వెలువడిన ఈ ఫలితం ఆశలు రేపింది. వేడిని తట్టుకునే గుణం వంశపారంపర్యంగా వస్తుంది, అది దిబ్బలో ఇప్పటికే ఉంది, కొత్తగా పుట్టనక్కర్లేదు అని తేలింది కాబట్టి. ఉత్తరాది పిల్లలు కెరటాల మీద దక్షిణానికి కొట్టుకొస్తే చాలు. పుట్టింటి సారె మెట్టినింటికి అందుతుంది.

సారె తెచ్చేవాళ్లే పోతే?

ఆ మరుసటి ఏడాదే పిడుగు పడింది. 2016 వేసవిలో వేడిగాలులకు గ్రేట్‌ బ్యారియర్‌ రీఫ్‌ తెల్లబోయింది. అన్నిటికన్నా ఘోరంగా దెబ్బతిన్నది ఉత్తర భాగమే! తొమ్మిది నెలల్లో దిబ్బ మొత్తం మీద తక్కువ లోతులోని పగడాల్లో దాదాపు 30 శాతం పోయాయి. 2017లో మళ్లీ బ్లీచింగ్‌. 2018లో దిబ్బ మీద చేరిన పిల్ల పగడాల్ని లెక్కపెడితే మామూలు ఏళ్ల కన్నా 89 శాతం తగ్గాయి. చనిపోయిన తల్లులు పిల్లల్ని కనవు కదా. ఆ తర్వాత 2020, 2022, 2024, 2025ల్లోనూ అదే వరస. పిల్ల పగడం ఎదిగి తానూ పిల్లల్ని కనడానికి మూడు నుంచి అయిదేళ్లు పడుతుంది. ఆలోపే ఇంకో దెబ్బ తగులుతోంది.

మరి ఆ సారెలో ఉన్నదేమిటి? ఒక్క జన్యువే అయితే పని సులువయ్యేది. 2020లో 12 దిబ్బల మీది 237 అక్రోపోరా మిల్లెపోరా పగడాల జన్యువుల్ని పరిశీలించారు. వేడిని తట్టుకునే గుణం ఒక్క చోట లేదు, ఎన్నో జన్యువుల మీద కొద్దికొద్దిగా పరుచుకుని ఉందని తేలింది. కొన్ని జన్యువులు మాత్రం చాలా కీలకం. అదే ఏడాది ఇంకో బృందం క్రిస్పర్‌ అనే జన్యు కత్తెరతో పగడం డింభకాల్లో హెచ్‌ఎస్‌ఎఫ్‌1 అనే జన్యువును పనిచేయకుండా చేసింది. 27 డిగ్రీల నీళ్లలో అవి హాయిగా ఉన్నాయి. 34 డిగ్రీలకు పెంచగానే త్వరత్వరగా చనిపోయాయి. మామూలు డింభకాలు తట్టుకున్నాయి. వేడికి ప్రొటీన్లు చెడిపోకుండా కాపాడే జన్యువుల్ని తట్టి లేపే పెద్దదిక్కు ఆ హెచ్‌ఎస్‌ఎఫ్‌1.

అద్దెవాళ్లను మారిస్తే?

పగడం మారడానికి సమయం పడుతుంది. శైవలాలు అలా కాదు, త్వరత్వరగా తరాలు మారతాయి. పైగా వాటిలో వేడికి ఓర్చుకునే రకాలున్నాయి. డ్యురుస్డినియం అనే రకం చేరిన పగడం ఒకటి, ఒకటిన్నర డిగ్రీల అదనపు వేడిని తట్టుకుంటుందని 2006లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. కానీ ఊరికే రాదు. ఆ రకం చేరిన పిల్ల పగడాల కన్నా మామూలు రకం చేరినవి రెండు మూడు రెట్లు వేగంగా పెరుగుతాయని 2004లోనే తేలింది. వేడికి భయపడి ఓర్పున్న వంటమనిషిని పెట్టుకుంటే కూడు తక్కువ పెడుతుందన్నమాట.

అందుకే పగడాల పరిణామాన్ని మనమే కాస్త ముందుకు తోస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. హవాయికి చెందిన రూత్‌ గేట్స్‌, ఆస్ట్రేలియాకు చెందిన మెడలిన్‌ వాన్‌ ఒప్పెన్‌ 2015లో దీన్ని గట్టిగా ప్రతిపాదించారు. గేట్స్‌ 2018లో కన్నుమూసినా పని ఆగలేదు. వాన్‌ ఒప్పెన్‌ బృందం శైవలాల్ని నాలుగేళ్లపాటు ప్రయోగశాలలో వేడి నీళ్లలోనే పెంచింది. అలా రాటుదేలిన 10 రకాల్లో 3 పగడం డింభకాలకూ వేడి ఓర్పును ఇచ్చాయి. 

అమెరికాలోని ఫ్లోరిడాలో కథ ఇంకా ముందుకెళ్లింది. దుప్పి కొమ్ముల్లా పెరిగే ఎల్క్‌హార్న్‌ పగడం అక్కడి దిబ్బలకు పునాదిలాంటిది. 2023 వేసవిలో అది దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మిగిలిన కొద్దిపాటి పగడాలకు హొండురస్‌ దేశంలోని వేడి సముద్రపు పగడాలతో ప్రయోగశాలలో సంబంధం కలిపారు. పుట్టిన పిల్లల్ని 2025 జులైలో మయామీ దగ్గర సముద్రంలో నాటారు.

దీన్ని అందరూ మెచ్చుకోవడం లేదు. ఒకచోటి పగడాన్ని ఇంకోచోటికి తెస్తే రోగాలూ వెంట రావచ్చు, స్థానిక నీటికి అలవాటుపడ్డ గుణాలు పలచబడొచ్చు, వేలాది కిలోమీటర్ల దిబ్బల్ని చేత్తో నాటడం అయ్యే పనేనా... ఇలాంటి ప్రశ్నలున్నాయి. ఏమీ చేయకుండా చూస్తూ కూర్చోవడం కూడా ప్రమాదమేనన్నది రెండో పక్షం మాట.

మన దగ్గర...

గోదావరి, కృష్ణ తెచ్చి కలిపే మంచినీళ్లు, ఒండ్రు మట్టి వల్ల తెలుగు తీరంలో చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు లేవు. పగడానికి తేటనీళ్లు, ఉప్పు, ఎండ... మూడూ కావాలి. మన దేశంలో పెద్ద దిబ్బలున్నవి అండమాన్‌ నికోబార్‌, లక్షద్వీప్‌, మన్నార్‌ సింధుశాఖ, కచ్‌ సింధుశాఖల్లో. లక్షద్వీప్‌ అయితే పూర్తిగా పగడాలు కట్టిన నేలే. 2011 లెక్కల ప్రకారం 64 వేల మందికి పైగా ఆ నేల మీదే ఇళ్లు కట్టుకుని ఉన్నారు. దిబ్బ పెరగడం ఆగిపోతే కెరటాలకు అడ్డుండేది ఏదీ లేదు. 1998లో, 2010లో, 2016లో అక్కడి పగడాలు తెల్లబోయాయి. 2024లో మళ్లీ తీవ్రంగా తెల్లబోయాయని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రకటించింది. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పెద్దయెత్తున బ్లీచింగ్‌ జరుగుతోందని శాస్త్రవేత్తలు తేల్చారు.

దిబ్బలు కట్టే పగడాలకు 2001 నుంచి మన వన్యప్రాణి చట్టంలో పులితో సమానమైన రక్షణ ఉంది. విహారయాత్రకు వెళ్లినప్పుడు ఓ ముక్క విరిచి బ్యాగులో వేసుకున్నా నేరమే. అయితే వేడికి చట్టం అడ్డురాదు. భూతాపం 1.5 డిగ్రీలు పెరిగితే ప్రపంచంలోని పగడపు దిబ్బల్లో 70 నుంచి 90 శాతం, 2 డిగ్రీలు పెరిగితే 99 శాతానికి పైగా పోతాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందం 2018లో హెచ్చరించింది. ఆ అర డిగ్రీ తేడాలోనే ఉంది బతికే దారి.

జతకట్టించినా, శైవలాల్ని మార్చినా అది కొంత గడువు సంపాదించడమేనని ఆ పని చేస్తున్న శాస్త్రవేత్తలే ఒప్పుకుంటున్నారు. బొగ్గు, చమురు మంటలు తగ్గించడం వాళ్ల చేతిలో లేదు. ప్రయోగశాలలో చేసేది వాళ్లు చేస్తున్నారు.

వచ్చే కార్తీకంలోనూ పున్నమి వెళ్లాక బతికున్న పగడాలు గులాబీ పూసల్ని వదులుతాయి. ఆ లక్షల్లో ఏ కొన్నో రాతికి అంటుకుని ఊపిరి పోసుకుంటాయి. తల్లి ఇచ్చిన సారె వాటి వెంటే ఉంటుంది. అవి దిగే నీళ్లు ఎంత వేడిగా ఉండాలన్నది మాత్రం ఒడ్డున ఉన్న మన చేతుల్లో ఉంది.